క్లారా తరవాతి మాట

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది వేసవిలో నేను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా చేరాను. అంతకుముందు నా ఉద్యోగమంతా చిన్నపిల్లల దగ్గరే గడిచింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్ళతో పూర్తికాలం పనిచేయడం అక్కడే మొదలైంది. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి. అమీర్‌పేటలోని మా ఇంటి నుంచి ఆసుపత్రికి ఆటోలో కంటే నడిచి వెళ్తేనే తొందరగా చేరేదాన్ని.

మా పని గురించి బయట ఎక్కువమందికి తెలియదు. వార్డులో బంధువులు మమ్మల్ని ‘మాటల టీచరు’ అనేవారు. పక్షవాతం రోగికి న్యూరాలజిస్టు పెద్ద దిక్కు. ఆయన కింద ఫిజియోథెరపిస్టు కాళ్ళూ చేతులూ చూస్తారు, ఆక్యుపేషనల్ థెరపిస్టు బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి పనులు నేర్పుతారు. మాటా, మింగుడూ మా వంతు. నిజానికి మింగడమే ముందు. చెంచాడు నీళ్ళు ఇచ్చి, గొంతు మీద వేళ్ళు ఆనించి, దగ్గు వస్తుందేమో చూసి, ఆహారం కోసం ముక్కులో వేసిన గొట్టం తీసేయవచ్చో లేదో మేం చెప్పాకే నర్సులు నోటికి ఏదైనా అందిస్తారు. మాట సంగతి ఆ తరవాత.

ఈ జ్ఞాపకంలో అందరి పేర్లూ మార్చాను, ఒక్క క్లారా పేరు తప్ప. అది మారిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆవిడ కూడా ఉంచమనే అన్నారు.

కామేశ్వరరావుగారిని నా దగ్గరికి పంపేనాటికి ఆయనకు ఎడమ మెదడులో రక్తనాళం మూసుకుపోయి వారం దాటింది. కుడి చెయ్యి పూర్తిగా, కుడి కాలు కొంత పడిపోయాయి. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేరి జోనల్ మేనేజరు దాకా ఎదిగిన మనిషి. డాక్టర్ల గదుల ముందు కూర్చుని, దొరికిన కాసింత సమయంలో మాటలతో మెప్పించడమే ఆయన బతుకుతెరువు. మా ఆసుపత్రిలోనే ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఆయన్ని మంచి మాటకారిగా ఎరుగుదురు.

మంచం పక్కన చేసే మొదటి పరీక్షకు ఒక వరస ఉంటుంది. చెప్పింది అర్థమవుతోందా అని ముందు చూస్తాం. ‘తలుపు చూపించండి’ అన్నాను. ఎడమచేత్తో చూపించారు. ‘కళ్ళు మూసుకుని తెరవండి’ అంటే అదీ చేశారు. అర్థం చేసుకునే శక్తి చాలావరకు మిగిలిందన్నమాట. తరవాత పేరు అడిగాను.

“క్లారా,” అన్నారు.

పెన్ను చూపించి ఇదేమిటన్నాను. “క్లారా.” గడియారం చూపించినా అదే. ఒకటి నుంచి లెక్కపెట్టమంటే సరిగ్గా అంకెలు చదివే లయలో “క్లారా, క్లారా, క్లారా, క్లారా” అన్నారు. ఆగి, నా మొహంలోకి చూశారు. తను చెప్పాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దీన్ని అఫేజియా అంటారు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, బయటికి వచ్చే దారి తెగిపోతుంది. కొందరిలో మాత్రం ఒక్క మాట ఎలాగో మిగిలిపోయి, ఏది చెప్పబోయినా అదే దొర్లుతుంది. మా పుస్తకాల్లో దానికి రికరింగ్ అటరెన్స్ అని పేరు. నేను చూసిన ఒకాయనకు అది ‘రేపు’, ఇంకొకావిడకు ఏ అర్థమూ లేని ‘తటాతటా’. ఆ మాటకు అర్థం వెతకనక్కర్లేదన్నది మా చదువు. కుటుంబానికి కూడా అదే చెప్పాలి. నేనూ అదే చెప్పాను.

ఆయన భార్య సుభద్రగారు అమీర్‌పేటలో ఒక సందులో మ్యాచింగ్ సెంటర్ నడిపేవారు. చీర ఒక్కసారి చూస్తే చాలు, లైనింగు గుడ్డ రంగు గుర్తుపెట్టుకుని మర్నాడు తీసి ఇవ్వగలరని ఆవిడకు పేరు. తెనాలి వైపు మనిషి. మితంగా మాట్లాడతారు. మూడో రోజున నన్ను కారిడార్‌లో ఆపారు.

“మేడం, ఆవిడెవరో మీకేమైనా తెలిసిందా?”

“ఎవరండీ?”

“క్లారా.”

నేను మెదడు సంగతీ, మిగిలిపోయిన మాట సంగతీ మళ్ళీ వివరించాను. ఓపిగ్గా విన్నారు.

“మీరు చెప్పింది నాకు అర్థమైందండీ. అర్థం లేని మాటైతే ఏ పీటో, చాపో వచ్చుండాలి కదా? ఆడమనిషి పేరే ఎందుకొచ్చింది? మంచినీళ్ళకీ క్లారానే, నన్ను పిలవడానికీ క్లారానే. నిన్న మా ఆడపడుచు ముందు అన్నారు. ఆవిడ నా వంక చూసిన చూపు మీరు చూళ్ళేదు.”

అన్ని మాటల్లోనూ ఆ మాటే ఎందుకు మిగిలిందో శాస్త్రానికీ గట్టిగా తెలియదని మాత్రం అన్నాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు.

అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. భార్య మొహం వాడిపోవడం కామేశ్వరరావుగారు గమనించారు. అర్థం చేసుకునే శక్తి మిగలడం అక్కడ శాపమైంది. ఆవిడ గదిలోకి రాగానే ఎడమచేత్తో నోరు మూసుకునేవారు. రెండు మూడు రోజులకు నా ముందు కూడా నోరు తెరవడం మానేశారు. బొమ్మల కార్డులు పెడితే మొహం గోడవైపు తిప్పుకునేవారు. పక్షవాతం తరవాత మొదటి నెలలు మాకు చాలా విలువైనవి. మెదడు కొత్త దారులు వేసుకునే శక్తి అప్పుడే ఎక్కువ. ఆ నెలల్లో రోగి తనంతట తను పెదవి కదపకపోతే మేం చేయగలిగింది తక్కువ. ఇంట్లోవాళ్ళు రోజూ సాధన చేయించకపోతే ఇంకా తక్కువ. ఇక్కడ ఆయన నోరు మూసుకున్నారు, ఆవిడ మందులూ భోజనమూ సమయానికి ఇచ్చి, సాధన వేళకు దుకాణానికి వెళ్ళిపోతున్నారు.

ప్రతివారం జరిగే కేసు మీటింగులో, రోగి సహకరించడం లేదు కాబట్టి స్పీచ్ సెషన్లు తగ్గిద్దామన్న మాట వచ్చింది. ఇంకొక్క వారం ఇవ్వమని నేను న్యూరాలజిస్టుగారిని అడిగాను. ఆయన సరేనన్నారు. నాకు మాత్రం ఆ వారంలో కొత్తగా ఏం చేయాలో తోచలేదు.

దారి చూపించింది ఖాదర్ భాయ్. పంజాగుట్టలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. పెళ్ళికాక ముందు కామేశ్వరరావుగారూ ఆయనా యూసుఫ్‌గూడలో ఒకే గదిలో అద్దెకుండేవారట. భాయ్ కాలు విరిగి మంచాన ఉండటంతో స్నేహితుణ్ణి చూడటానికి రావడం ఆలస్యమైంది. చేతికర్ర ఊతంతో ఆయన లోపలికి వచ్చేటప్పటికి నేను సెషన్‌లో ఉన్నాను. సుభద్రగారు కిటికీ దగ్గర మందులు సర్దుతున్నారు.

“అరే కామేశ్! గిదేందిరా, గిట్లయిపోయినవ్?”

పాత స్నేహితుణ్ణి చూసిన ఆనందంలో కామేశ్వరరావుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయారు. “క్లారా!” అన్నారు.

ఖాదర్ భాయ్ ఏమాత్రం తడబడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంటూ, ఊళ్ళో మనిషి క్షేమం అడిగితే చెప్పినట్టు చెప్పారు. “క్లారా మేడం మంచిగనే ఉన్నదిరా. ఎర్రగడ్డ దిక్కు చెల్లె ఇంట్ల ఉంటున్నది. మొన్న క్రిస్మస్‌కు సుత పోయి కలిసొచ్చిన.”

సుభద్రగారి చేతిలోని మందుల డబ్బా కింద పడింది.

“ఎవరు భాయ్ ఆవిడ?” అన్నారు.

ఖాదర్ భాయ్ ఆవిడ వైపూ, మంచం మీద మనిషి వైపూ చూసి ఏదో అర్థమైనట్టు ఆగిపోయారు. కామేశ్వరరావుగారు కళ్ళు మూసుకున్నారు. తల మాత్రం మెల్లగా కిందికీ పైకీ ఊపారు. చెప్పమని అనుమతి.

“భాభీ, వీనికి నత్తి ఉండె. చిన్నగ కాదు, మస్తు నత్తి. ఇంటర్వ్యూకు పోతే పేరు చెప్పనీకె రాకపోతుండె. కా, కా, కా అని ఆడ్నే ఆగిపోతుండె. అడిగెటోళ్ళు నవ్వుతుండిరి. ఒకనాడు రూముకొచ్చి, ఊరికి పోతనని పెట్టె సర్దిండు. కింద ఇంటామెనే క్లారా మేడం. కాన్వెంటుల పిల్లలకు పాటలు నేర్పుతుండె. ఆమెనే ఆపింది. రోజు పొద్దుగాల్నే హార్మోనియం ముంగట కూసోపెట్టి ‘నా పేరు పాడు, తర్వాత నీ పేరు చెప్పు’ అనేది. మాకు నిద్రుండకపోతుండె. క్లారా, క్లారా అని వీని పాటనే. ఏడాది పట్టింది. గట్లనే గీ కంపెనీల నౌకరి దొరికింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“పెండ్లిచూపులకు పోయేటప్పుడు నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు, ఎవ్వరికి చెప్పొద్దని. నత్తోడంటే పిల్లనియ్యరని భయపడ్డడు. తర్వాత జర ధైర్యం చేసి చెప్తడేమో అనుకున్న. చెప్పలేదు.”

సుభద్రగారు మంచం దగ్గరికి వచ్చారు. అనుమానం పోయినందుకు తేలికపడతారనుకున్నాను. ఆవిడకు వచ్చింది కోపం.

“నత్తి ఉందంటే నేను వద్దనేదాన్నా? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క రోజైనా చెప్పాలనిపించలేదా మీకు? ఎవరికి ఫోన్ చేయాలన్నా ముందు ఊఁ, ఊఁ అని కూనిరాగం తీసేవారు. పెద్ద ఉద్యోగం కదా, అదో దర్జా అనుకునేదాన్ని నేను.”

ఆయన చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ తుడవలేదు. దుకాణంలో పని ఉందని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆయనకు నర్సే తినిపించింది. మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేటప్పటికి సుభద్రగారు నా గది ముందు కూర్చుని ఉన్నారు.

“ఆవిడ్ని పిలిపిద్దామా మేడం? ఉపయోగం ఉంటుందంటారా?”

ఉంటుందనే నా నమ్మకం. మా దగ్గర మెలోడిక్ ఇంటొనేషన్ అనే ఒక పద్ధతి ఉంది. మాటకు ఎడమ మెదడు ముఖ్యం. పాటకు కుడి మెదడు కూడా తోడ్పడుతుంది. అందుకే మాట పోయినవాళ్ళు కూడా కొందరు పాత పాట పాడగలుగుతారు. మాటను రెండు స్వరాల్లో సాగదీసి, ఒక్కో అక్షరానికి రోగి ఎడమచేతిని మెల్లగా తడుతూ పాడిస్తాం. ముందు ఇద్దరం కలిసి, తరవాత మా గొంతు తగ్గిస్తూ, చివరికి రోగి ఒక్కరే. కామేశ్వరరావుగారితో నేను దాన్ని అప్పటికే ప్రయత్నించాను, ‘నమస్కారం’తో, ‘మంచినీళ్ళ’తో. ఫలితం రాలేదు. ఆయన నోట్లో ఉన్న ఒక్క మాటనూ అడ్డంకిగా చూసి పక్కకు నెట్టాలని చూశాం. అదే మాట ఒకప్పుడు ఆయన వేరే మాట మీదికి దూకడానికి వాడుకున్న ఊతమని ఖాదర్ భాయ్ చెప్పాకే తెలిసింది.

క్లారాగారిని ఖాదర్ భాయే ఆటోలో తీసుకొచ్చారు. తెల్లటి నేత చీర, భుజానికి గుడ్డసంచి, చెవికి వినికిడి యంత్రం. వయసు డెబ్బై అయిదు దాటి ఉంటుంది. తలుపు దగ్గర సుభద్రగారు ఎదురయ్యారు.

“మీ పేరు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయండీ,” అన్నారు సుభద్రగారు. “అసలు దానికి అర్థమేంటి?”

క్లారాగారు నవ్వారు. “నా పేరు నాకూ చిన్నప్పుడు నచ్చేది కాదమ్మా. మాది గుంటూరు దగ్గర పల్లె. మా అమ్మ నిర్మల అని పెట్టుకోవాలనుకుంది. జ్ఞానస్నానం రోజున ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్‌గారు క్లారా అన్నారు. ఆ పేరుతో ఒక పునీతురాలు ఉందిలే. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటే ఆయన వచ్చీరాని తెలుగులో చెప్పారట, ‘అమ్మా, లాటిన్‌లో క్లారా అంటే తేట. నీళ్ళు తేట, గొంతు తేట, వెలుగు తేట. నీ నిర్మల ఎక్కడికీ పోలేదు’ అని. కానీ ఊళ్ళో అలా పిలిచిందెవరు? కలారమ్మ అన్నారు, కిలారమ్మ అన్నారు. ఇప్పటి మా పాలవాడికి నేను కళావతిని.”

సుభద్రగారి పెదవుల మీదికి కొంచెం నవ్వు వచ్చింది.

“ఈ అబ్బాయికి క దగ్గర గొంతు బిగిసిపోయేది,” అన్నారు క్లారాగారు. “తన పేరూ కాతోనే మొదలు. నా పేరులో క వెంటే ల ఉంది కదా, జారిపోతుంది. పాడితే ఇంకా సులువు. ఆ ఊపులో నీ పేరు అందుకోమన్నాను. అంతకు మించి నాకేం తెలియదు.”

ఆవిణ్ణి చూడగానే కామేశ్వరరావుగారు లేవబోయారు. కుడి పక్క సహకరించలేదు. “క్లారా,” అన్నారు. ఈసారి ఆ మాట సరిగ్గా పడాల్సిన చోట పడింది.

“ఆఁ, క్లారా. తరవాత?” అన్నారు ఆవిడ, పాఠం ఆపిన చోటే మళ్ళీ అందుకున్నట్టు.

ఆయన అయోమయంగా చూశారు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, మంచం చెక్క మీద వేళ్ళతో తాళం వేస్తూ పాడారు. ‘క్లా’ పై స్వరంలో, ‘రా’ కింది స్వరంలో. ఆయనా గొంతు కలిపారు. నేను ఆయన ఎడమచేతిని పట్టుకుని అదే తాళంలో తట్టడం మొదలుపెట్టాను. క్లా, రా. క్లా, రా. ఆవిడ మధ్యమధ్య ఆగి “తరవాత?” అంటున్నారు. చాలాసార్లు అదే మాట మళ్ళీ వచ్చింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఇక చాలు, అలసిపోతారు అని నేను అనబోతున్నాను.

“క్లా రా… కా… మే…”

అంతవరకే వచ్చింది. ఆయన ఎడమచేత్తో నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నోట పలికిన రెండో మాట, సగం తెగిన తన పేరు. ఖాదర్ భాయ్ బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

క్లారాగారు ఆ తరవాత రెండు మూడు సార్లకు మించి రాలేకపోయారు. ఆ వయసులో ఎర్రగడ్డ నుంచి ఆ ట్రాఫిక్‌లో రావడం కష్టం. ఇంటి సాధన ఎవరు చేయిస్తారన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. నేను సుభద్రగారిని ఒత్తిడి చేయలేదు. ఆ పేరు ఆవిడ నోటితో పలకమనడం నాకు న్యాయంగా తోచలేదు. ఒకరోజు ఆవిడే మంచం పక్కన కూర్చుని, భర్త ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, “స్వరం ఎక్కడ పెంచాలో చెప్పండి మేడం,” అన్నారు. ఆవిడకు పాట రాదు. అపస్వరంలోనే “క్లా, రా” అన్నారు. ఆయన ఆశ్చర్యంగా ఆవిడ మొహంలోకి చూసి, మెల్లగా తనూ అన్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పేరు పూర్తిగా వచ్చాక తరవాతి మాటలు ఎంచుకోవాలి. మొదట వచ్చే శబ్దం నుంచి దూరంగా పోకూడదు, రోజువారీ పనికి పనికిరావాలి. ఈ విషయంలో తెలుగు మాకు సాయం చేసింది. మనిషికి అన్నిటికంటే అవసరమైన రెండు మాటలు, ‘కావాలి’, ‘కాదు’, రెండూ కాతోనే మొదలవుతాయి. ‘కావాలి’ వస్తే వేలు చూపించి ఏదైనా అడగవచ్చు. ‘కాదు’ వస్తే ఇతరులు తన తరఫున తీసుకునే నిర్ణయాలను ఆపవచ్చు. ‘కావాలి’ కొద్ది రోజుల్లోనే వచ్చింది. ‘కాదు’ మొండికేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక కూడా ఔట్ పేషెంట్‌గా వస్తూ దానిమీదే శ్రమపడ్డారు.

అలా వచ్చిన ఒక రోజున సుభద్రగారు ఎప్పటిలాగే ఆయన పక్కన ఉన్నారు. సాధన మధ్యలో నేను కార్డులు మార్చుకుంటుంటే, ఆవిడ భర్త చేతిని తడుతూ, సగం వేళాకోళంగా, సగం నిజంగానే అడిగారు. “ఇంతకీ నేనెవర్నండీ మీకు? నా పేరెప్పుడు చెప్తారు?”

ఆయన చాలాసేపు పెదవులు కదిపారు. ‘సు’ కోసం వెతుకుతున్నారని నాకు తెలుస్తోంది. అది దొరకలేదు. అలవాటైన మెట్టు మీదికే వచ్చారు.

“క్లారా…” అన్నారు.

సుభద్రగారి చెయ్యి ఆగింది. ఆయన తల అడ్డంగా ఊపుతూ, ఆవిడ చేతిని తన చేత్తో తట్టారు. ఒకసారి, రెండుసార్లు.

“క్లారా… కాదు.”

సుభద్రగారు ఒక్క క్షణం అలాగే చూసి, ఫక్కున నవ్వారు. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. “కాదు కదా? అదీ. ఆ మాత్రం చెప్తే చాలు,” అన్నారు. పక్షవాతం తరవాత ఆయన కట్టిన మొదటి వాక్యంగా దాన్ని నేను కేసు షీటులో నమోదు చేశాను. కర్త, క్రియ చూసేవాళ్ళకు అది అసంపూర్ణ వాక్యమే. అడిగిన ప్రశ్నకు మాత్రం సరైన జవాబు.

కామేశ్వరరావుగారికి పూర్తి మాట తిరిగి రాలేదు. అలా వస్తుందని మేం ఎవరికీ హామీ ఇవ్వం. రెండు మూడు పదాల వాక్యాలతో ఇంటి పనులు నెట్టుకొచ్చేవారు. భార్య పేరు ఆ చలికాలంలో వచ్చింది, ‘సుబద్ర’గా, ఒత్తు లేకుండా. సాయంత్రాలు దుకాణంలో కూర్చుని, అడిగినవాళ్ళకు గుడ్డల తానులు ఎడమచేత్తో చూపించేవారని విన్నాను.

ఆ కేసు తరవాత నా పనిలో ఒక్క మార్పు వచ్చింది. రోగికి మిగిలిన మాటకు అర్థం లేదని కుటుంబానికి చెప్పడం నేను మానలేదు. చాలామంది విషయంలో అది నిజం. కానీ ఆ మాట చెప్పేముందు, ఈయన ఈ మాటను ఎప్పుడైనా కష్టపడి నేర్చుకున్నారా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని భార్యనూ, పిల్లలనూ, కుదిరితే వాళ్ళకంటే పాత పరిచయస్తులనూ అడగడం అలవాటు చేసుకున్నాను. ఎక్కువసార్లు ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన కొద్దిసార్లు, చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో నేను వెతుక్కోవలసిన పని తప్పింది.